ఏ సైట్ ఏ హెచ్‌టీటీపీ వెర్షన్‌లో వస్తోంది? ఇండికేటర్ ఎక్స్‌టెన్షన్‌ని పెట్టుకోవడం, సరిగ్గా చదవడం

"నిన్న నీలంగా ఉన్న మెరుపు గుర్తు ఇవాళ నారింజ రంగులో ఉంది. సైట్‌లో ఎవరూ ఏమీ మార్చలేదు. ఎక్స్‌టెన్షన్ పాడైందా?"

హెచ్‌టీటీపీ అంటే బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి. పేజీ అందులో ఏ వెర్షన్‌లో వచ్చిందో బ్రౌజర్ పైన రంగు గుర్తుతో చూపించే చిన్న ఎక్స్‌టెన్షనే హెచ్‌టీటీపీ ఇండికేటర్. అది పెట్టుకున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీని వెనకే ఇంకోటి వస్తుంది: "ఇంట్లో హెచ్3 చూపించిన సైట్ ఆఫీసులో హెచ్2 చూపిస్తోంది, హోస్టింగ్ వాళ్లకి కంప్లయింట్ పెట్టాలా?"

చాలాసార్లు ఏదీ పాడై ఉండదు. ఆ గుర్తు చెప్పే సంగతి చాలా చిన్నది. మీరు తెరిచిన పేజీ తాలూకు మొదటి ఫైలు, ఈ ఒక్కసారికి, మీ బ్రౌజర్‌కి ఎదురుగా ఉన్న సర్వర్ నుంచి ఏ వెర్షన్‌లో వచ్చిందో అది చెబుతుంది, అంతే. పేజీలోని ఫొటోల గురించి దానికి తెలియదు. సర్వర్ వెనక ఇంకో సర్వర్ ఉంటే దాని గురించీ తెలియదు. ఈ హద్దు గుర్తుపెట్టుకుని కింది వరుసలో వెళితే తికమక ఉండదు.

## 1. ముందు మూడు పేర్లు తెలుసుకోండి

హెచ్‌టీటీపీ/1.1. ఒక కనెక్షన్ మీద ఒకసారి ఒక ఫైలే వస్తుంది. అందుకే బ్రౌజర్లు ఒక్కో హోస్ట్‌కి ఆరేసి కనెక్షన్లు తెరుస్తాయి. ఈ ఆరు అంకె తర్వాత మనకి పనికొస్తుంది.

హెచ్2, అంటే హెచ్‌టీటీపీ/2. ఒకే కనెక్షన్ మీద ఎన్నో ఫైళ్లు కలిసి వస్తాయి. ఇది టీసీపీ (ప్రతి ముక్కా చేరిందో లేదో చూసుకుంటూ డేటా పంపే పాత రవాణా పద్ధతి) మీద నడుస్తుంది. బ్రౌజర్లలో హెచ్‌టీటీపీఎస్ సైట్లకి మాత్రమే దొరుకుతుంది. https కాకుండా http అని మొదలయ్యే పాత చిరునామా తెరిస్తే 1.1 తప్ప ఇంకేమీ కనిపించదు.

హెచ్3, అంటే హెచ్‌టీటీపీ/3. ఇది టీసీపీని వదిలేసి, యూడీపీ అనే ఇంకో తేలికైన పద్ధతి మీద కట్టిన క్విక్ అనే రవాణా మీద నడుస్తుంది. 2022 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 9114 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా ఖరారైంది. దారిలో ఎవరైనా యూడీపీని ఆపేస్తే బ్రౌజర్ చప్పుడు చేయకుండా హెచ్2కి దిగిపోతుంది.

కొన్ని పాత ఎక్స్‌టెన్షన్ల వివరణలో స్పీడీ (హెచ్2కి ముందు గూగుల్ తెచ్చిన పద్ధతి) అనే పేరు ఇంకా ఉంటుంది. క్రోమ్ దాన్ని 2016లోనే తీసేసింది, మీరు పట్టించుకోనక్కర్లేదు.

## 2. ఎక్స్‌టెన్షన్ ఎంచుకునేటప్పుడు పర్మిషన్ చదవండి

అందరూ తొందరగా దాటేసే మెట్టు ఇదే. కాస్త ఆగి చేయాల్సిందీ ఇదే.

ఇలాంటి ఎక్స్‌టెన్షన్లు చాలావరకు "మీరు చూసే అన్ని వెబ్‌సైట్లలోని డేటాని చదవడానికి, మార్చడానికి" అనుమతి అడుగుతాయి. ఒక చిన్న గుర్తు చూపించడానికి ఇంత అనుమతి ఎందుకని అనుమానం రావడం న్యాయమే. కారణం ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో ఎక్స్‌టెన్షన్‌కి సర్వర్ జవాబు మొదటి లైన్‌లోనే అసలు వెర్షన్ దొరుకుతుంది. క్రోమ్ మాత్రం హెచ్2లో వచ్చిన జవాబుకి కూడా ఆ లైన్‌ని 1.1 అనే రాసి ఇస్తుంది. కాబట్టి క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ పేజీ లోపలికి వెళ్లి, బ్రౌజర్ నమోదు చేసుకున్న లోడింగ్ వివరాల్లోంచి ప్రోటోకాల్ పేరు, అంటే ఏ వెర్షనో, చదవాలి. అలా లోపలికి వెళ్లాలంటే ఆ సైట్ మీద అనుమతి కావాలి.

కారణం న్యాయమైనదే అయినా ప్రమాదం తగ్గదు. ఇవాళ మంచిగా ఉన్న ఎక్స్‌టెన్షన్ రేపు చేతులు మారొచ్చు. ద గ్రేట్ సస్పెండర్ సంగతి చూడండి. లక్షలమంది వాడిన ఎక్స్‌టెన్షన్ అది. 2020లో కొత్త యజమాని చేతికి వెళ్లింది. అందులో మాల్‌వేర్ ఉందంటూ 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని స్టోర్ నుంచి తీసేసింది.

ఇన్‌స్టాల్ నొక్కే ముందు ఇవి చూసుకోండి:

- ☐ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయింది? మ్యానిఫెస్ట్ వీ2 (ఎక్స్‌టెన్షన్లు రాసే పాత పద్ధతి) మీద రాసిన ఎక్స్‌టెన్షన్లని క్రోమ్ 2024 నుంచి దశలవారీగా ఆపేస్తూ వచ్చింది. అంతకుముందే వదిలేసినవి చాలావరకు ఇప్పుడు పనిచేయవు.
- ☐ వివరణలో హెచ్3 మాట ఉందా? హెచ్2 వరకే తెలిసిన పాతవి హెచ్3 సైట్ దగ్గర ఖాళీ గుర్తు చూపించొచ్చు.
- ☐ ఏ రంగు దేనికో స్పష్టంగా రాశారా? ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కి ఒక్కో రంగుల పద్ధతి. ఒకదానిలో నీలం అంటే హెచ్2 కదా అని ఇంకోదానిలోనూ అంతే అనుకోకండి.
- ☐ సోర్స్ కోడ్ బయట పెట్టారా? ఈ పనికి కావలసిన కోడ్ చాలా కొంచెం. అసలు పని కంటే ఎన్నో రెట్లు కోడ్ ఉంటే నేను దాని జోలికి పోను.
- ☐ బ్రౌజింగ్ హిస్టరీ, డౌన్‌లోడ్ల లాంటి అనుమతులు కూడా అడుగుతోందా? ఈ పనికి అవి అక్కర్లేదు. అడిగితే వదిలేయండి.

## 3. ఇన్‌స్టాల్ చేసి, అనుమతి కుదించండి

ఇన్‌స్టాల్ అయ్యాక గుర్తు కనిపించడం లేదంటే అది పజిల్ ముక్క బొమ్మ వెనక దాక్కుని ఉంటుంది. ఆ బొమ్మ నొక్కి, ఎక్స్‌టెన్షన్ పేరు పక్కనున్న పిన్ నొక్కండి.

తర్వాత క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్ వాడేవాళ్లు మూడు చుక్కల మెనూలోంచి ఎక్స్‌టెన్షన్ల పేజీకి వెళ్లి, డీటెయిల్స్ తెరిచి, సైట్ యాక్సెస్ దగ్గర ఆగండి. మీ సొంత సైట్లని చూసుకోవడానికే ఈ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే "ఆన్ స్పెసిఫిక్ సైట్స్" ఎంచుకుని ఆ నాలుగైదు చిరునామాలే ఇవ్వండి. ఏ సైట్ దగ్గరైనా అప్పుడప్పుడు చూడాలంటే "ఆన్ క్లిక్" చాలు. గుర్తు నొక్కి, పేజీ ఒకసారి రీలోడ్ చేయాల్సి రావొచ్చు. ఆ కాస్త శ్రమకి బదులుగా మీ బ్యాంకు పేజీ, ఆఫీసు మెయిల్ దాని కంట పడవు.

నా మటుకు నేను ఇలాంటివాటికి బ్రౌజర్‌లో వేరే ప్రొఫైల్ ఒకటి పెట్టుకున్నాను. అందులో బ్యాంకు లాగిన్లు ఏవీ ఉండవు. అన్నిటికంటే ఇదే నిశ్చింత.

## 4. ఒక్కసారి చూసి తేల్చేయకండి: మూడు లోడ్ల పద్ధతి

మొదట్లో అడిగిన రంగు మారే ప్రశ్నకి జవాబు ఇక్కడుంది.

బ్రౌజర్ ఒక సైట్‌కి మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడ హెచ్3 ఉందో లేదో దానికి తెలియదు. అందుకని మామూలుగా టీసీపీ మీద వెళుతుంది. సెక్యూర్ కనెక్షన్ కుదుర్చుకునే మాటల్లోనే రెండు వైపులా హెచ్2 అని ఒప్పుకుంటాయి. పేజీతో పాటు సర్వర్ ఆల్ట్-ఎస్‌వీసీ అనే హెడర్ (పేజీలో కనిపించని ఒక సమాచార లైన్) పంపుతుంది. "నా దగ్గర 443 పోర్ట్‌లో హెచ్3 కూడా ఉంది, ఈ మాట ఇన్ని సెకన్ల పాటు గుర్తుంచుకో" అని దాని అర్థం. అందులో 86400 అని ఉంటే 24 గంటలు. బ్రౌజర్ అది రాసిపెట్టుకుని తర్వాతి కనెక్షన్‌కి హెచ్3 ప్రయత్నిస్తుంది. అందుకే మొదట హెచ్2 రంగు, తర్వాత హెచ్3 రంగు. ఆ గడువు దాటాక వెళితే మళ్లీ హెచ్2తో మొదలవుతుంది.

ఇంకో దారి కూడా ఉంది. డీఎన్ఎస్‌లో, అంటే సైట్ పేరుకి సర్వర్ చిరునామా చెప్పే పట్టికలో, హెచ్‌టీటీపీఎస్ రికార్డు పెట్టిన సైట్లు, చిరునామా అడిగినప్పుడే హెచ్3 సంగతి చెప్పేస్తాయి. అలాంటి చోట మొదటి లోడ్‌లోనే హెచ్3 రావొచ్చు.

కాబట్టి ఇలా చేయండి:

1. కొత్త ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. మిగతా ఇన్‌కాగ్నిటో విండోలన్నీ ముందే మూసేయాలి, లేకపోతే అవన్నీ ఒకే జ్ఞాపకం పంచుకుంటాయి. ఎక్స్‌టెన్షన్ డీటెయిల్స్‌లో "అలో ఇన్ ఇన్‌కాగ్నిటో" ఆన్ చేసి ఉండాలి.
2. సైట్ తెరవండి. గుర్తు ఏం చూపిందో రాసుకోండి. ఇది మొదటి లోడ్.
3. కొన్ని సెకన్లు ఆగి మామూలుగా రీలోడ్ చేయండి. ఇది రెండోది.
4. ఇంకా హెచ్2 అనే ఉంటే పక్కన ఖాళీ ట్యాబ్ ఒకటి తెరిచి, సైట్ ఉన్న ట్యాబ్ మూసి, రెండు మూడు నిమిషాలు ఆగండి. ఆ విండో మాత్రం మూయకండి. కొత్త ట్యాబ్‌లో మళ్లీ తెరవండి. మొదట తెరిచిన హెచ్2 కనెక్షన్ ఇంకా బతికి ఉంటే బ్రౌజర్ దాన్నే వాడుకుంటుంది, అందుకే ఈ ఆగడం.

మూడుసార్లూ హెచ్2 వస్తే ఆ సైట్ ఈ నెట్‌వర్క్ మీద మీకు హెచ్2లోనే అందుతోందని అనుకోవచ్చు. "ఈ నెట్‌వర్క్ మీద" అన్న మాట వదలొద్దు.

## 5. డెవలపర్ టూల్స్‌లో సరిచూసుకోండి

గుర్తు తలుపు దగ్గర మాట చెబుతుంది. ఇల్లంతా చూడాలంటే డెవలపర్ టూల్స్‌లోకి వెళ్లాలి.

1. పేజీ తెరిచి ఎఫ్12 నొక్కండి. మ్యాక్‌లో కమాండ్, ఆప్షన్, ఐ.
2. నెట్‌వర్క్ ట్యాబ్‌కి వెళ్లండి.
3. పట్టిక పైన నేమ్, స్టేటస్ అని ఉన్న వరుస మీద రైట్ క్లిక్ చేసి "ప్రోటోకాల్" టిక్ చేయండి. ఫైర్‌ఫాక్స్‌లోనూ, సఫారీలోనూ ఇలాంటి కాలమ్ ఉంది.
4. "డిజేబుల్ క్యాష్" టిక్ పెట్టి రీలోడ్ చేయండి.
5. ప్రోటోకాల్ అన్న పేరు మీద నొక్కితే ఒకే వెర్షన్‌లో వచ్చినవన్నీ ఒకచోట చేరతాయి.

మొట్టమొదటి వరుసలో ఉన్నది, అంటే అసలు పేజీ, ఎక్స్‌టెన్షన్ గుర్తుతో సరిపోవాలి. సరిపోకపోతే డెవలపర్ టూల్స్ మాటే నమ్మండి.

ఇది ఎందుకు అవసరమో నాకు తెలిసొచ్చింది మా పిన్ని వాళ్ల సైట్ దగ్గర. మంగళగిరి చీరలు అమ్ముతారు. "అబ్బాయ్, ఫొటోలు ఒక్కోటీ తాపీగా దిగుతున్నాయిరా, చూసేవాళ్లు విసిగి వెళ్లిపోతున్నారు" అని ఫోన్ చేసింది. సైట్ తెరిస్తే గుర్తు చక్కగా హెచ్2 చూపిస్తోంది. అక్కడితో ఆగి ఉంటే ప్రోటోకాల్ బాగుందనే చెప్పేవాణ్ని.

నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూస్తే పేజీ హెచ్2లోనే ఉంది. ఫొటోలు మాత్రం ఏళ్ల కిందట విడిగా పెట్టిన ఒక సబ్‌డొమైన్ నుంచి వస్తున్నాయి. వాటి పక్కనంతా హెచ్‌టీటీపీ/1.1. కుడివైపు వాటర్‌ఫాల్‌లో (ఏ ఫైలు ఎప్పుడు మొదలై ఎప్పుడు పూర్తయిందో గీతలతో చూపే కాలమ్) మొదటి ఆరు ఫొటోల గీతలు ఒకేచోట మొదలయ్యాయి. ఏడోది, వాటిలో ఒకటి పూర్తయ్యేదాకా సన్నని గీతలా వేచి ఉంది. ఎనిమిదోది ఇంకాస్త ఎక్కువసేపు. కిందికి వెళ్లేకొద్దీ ఆ ఎదురుచూపు పొడవవుతూ మెట్ల వరుసలా కనిపించింది. ఇందాక చెప్పిన ఆరు కనెక్షన్ల హద్దు కళ్లకి కట్టినట్టు కనిపించేది ఇక్కడే.

ఫొటోలని అసలు సైట్ హోస్ట్ మీదికే తెచ్చాక ఆ మెట్లు పోయాయి, గీతలన్నీ దాదాపు ఒకే చోట మొదలయ్యాయి. అయితే ఒక మాట చెప్పాలి. ఒక్కో ఫొటో రెండు ఎంబీల పైనే ఉండేది. వాటి సైజు తగ్గించిన తర్వాతే పిన్నికి నిజంగా తేడా తెలిసింది. వెర్షన్ మారితే ఎదురుచూపు తగ్గుతుంది, ఫైలు బరువు తగ్గదు. మీ సైట్ మెల్లగా ఉంటే ముందు ఫొటోల సైజు చూడండి, తర్వాత ప్రోటోకాల్.

## 6. గుర్తు తేడాగా అనిపించినప్పుడు

గుర్తు ఖాళీగా ఉంది. మీరు ఉన్నది బ్రౌజర్ సెట్టింగ్స్ పేజీలోనో, ఎక్స్‌టెన్షన్ స్టోర్‌లోనో అయితే అంతే. అక్కడికి ఎక్స్‌టెన్షన్లని రానివ్వరు. మామూలు సైట్ అయితే మూడో మెట్టులో పెట్టిన సైట్ యాక్సెస్ చూసుకోండి. సర్వీస్ వర్కర్ (సైట్ మీ బ్రౌజర్‌లో పెట్టుకునే చిన్న స్క్రిప్ట్) వాడే సైట్లలో పేజీ మీ కంప్యూటర్‌లోంచే రావొచ్చు, అప్పుడు కూడా వెర్షన్ దొరక్కపోవచ్చు. షిఫ్ట్ పట్టుకుని రీలోడ్ చేసి చూడండి.

ఇంట్లో హెచ్3, ఆఫీసులో హెచ్2. చాలా ఆఫీసుల ఫైర్‌వాల్‌లో యూడీపీ 443ని ఆపేస్తారు. సైట్ తప్పు ఏమీ లేదు. ఫోన్ హాట్‌స్పాట్‌కి మారి అదే సైట్ తెరవండి. హెచ్3 వస్తే తేడా ఆఫీసు నెట్‌వర్క్‌దే. ఈ ఒక్క పరీక్ష చేయకుండా నేనొకసారి హోస్టింగ్ సపోర్ట్‌తో రోజంతా మెయిళ్లు నడిపాను. సాయంత్రం ఇంటికొచ్చి తెరిస్తే మొదటి రీలోడ్‌కే హెచ్3 వచ్చింది. వాళ్ల సమయం వృథా చేసినందుకు బాధేసి, సారీ చెబుతూ ఇంకో మెయిల్ రాశాను.

ఏ సైట్ తెరిచినా 1.1 అనే వస్తోంది. పెద్ద పెద్ద సైట్లు కూడా 1.1 చూపిస్తుంటే మధ్యలో ఎవరో కూర్చున్నారని అర్థం. యాంటీవైరస్‌లోని హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ కావొచ్చు, ఆఫీసు ప్రాక్సీ (మీ తరఫున సైట్లు తెచ్చే మధ్యవర్తి సర్వర్) కావొచ్చు. చిరునామాకి ఎడమవైపున్న గుర్తు (కొన్ని బ్రౌజర్లలో తాళం) నొక్కి సర్టిఫికెట్ ఎవరిచ్చారో చూడండి. అక్కడ యాంటీవైరస్ పేరో, కంపెనీ పేరో ఉంటే కారణం దొరికినట్టే. ఆఫీసు కంప్యూటర్‌లో దాన్ని మీరుగా ఆపేయకండి, ఐటీ వాళ్లని అడగండి.

ఒక్కో రీలోడ్‌కి ఒక్కోటి. హెచ్3 ప్రయత్నం విఫలమైతే క్రోమ్ కొంతసేపు దాన్ని పక్కన పెట్టి హెచ్2తో సరిపెట్టుకుంటుంది. తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది. వైఫై బలహీనంగా ఉన్నచోట ఈ ఊగిసలాట కనిపిస్తే కంగారు పడొద్దు.

లోకల్ సర్వర్‌లో హెచ్3 రాదు. మీరే తయారుచేసుకున్న సర్టిఫికెట్‌ని కంప్యూటర్ నమ్మేలా చేసినా, మామూలు సెట్టింగ్స్‌లో క్రోమ్ క్విక్‌కి ఒప్పుకోదు. పబ్లిక్ సర్టిఫికెట్ ఉన్న టెస్ట్ సర్వర్ మీద చూడటం మేలు.

## 7. మీ సొంత సైట్ 1.1 చూపిస్తుంటే

సైట్ హెచ్‌టీటీపీఎస్‌లో లేకపోతే ముందు అది చేయండి. అది కాకుండా మిగతావి ఏవీ పనిచేయవు.

ఇంజిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ వాడితే: 1.25.1 నుంచి హెచ్2 ఆన్ చేయడానికి విడిగా ఒక లైన్ రాయాలి. అంతకుముందు వెర్షన్లలో లిజన్ లైన్‌లోనే చేర్చేవాళ్లం. పాత గైడ్ చూసి కాపీ చేసేముందు మీ వెర్షన్ ఎంతో చూసుకోండి. హెచ్3 కావాలంటే కనీసం 1.25.0 ఉండాలి. క్విక్ కోసం ఇంకో లిజన్ లైన్ రాయాలి. ఆల్ట్-ఎస్‌వీసీ హెడర్‌ని కూడా మీరే చేర్చాలి. హెడర్ మర్చిపోతే సర్వర్‌లో హెచ్3 సిద్ధంగా ఉన్నా, డీఎన్ఎస్ రికార్డు కూడా లేనప్పుడు ఆ సంగతి బ్రౌజర్‌కి చెప్పేవాళ్లే ఉండరు.

అపాచీ అనే వెబ్ సర్వర్ వాడితే: హెచ్2 మాడ్యూల్ ఆన్ చేసినా 1.1 వస్తోందంటే ప్రీఫోర్క్ (ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ కేటాయించే) పద్ధతిలో నడుస్తోందేమో చూడండి. 2.4.27 నుంచి ప్రీఫోర్క్‌లో హెచ్2 ఇవ్వదు. పీహెచ్‌పీని అపాచీ లోపలే మాడ్యూల్‌గా నడిపే పాత సెటప్‌లలో ఇది మామూలు. పీహెచ్‌పీని విడిగా నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్‌కి, అపాచీలోని ఈవెంట్ పద్ధతికి మారితే సమస్య తీరుతుంది.

క్లౌడ్ సర్వర్ అయితే: ఫైర్‌వాల్ నియమాల్లో టీసీపీ 443 తెరిచి, యూడీపీ 443 మర్చిపోవడం అతి మామూలు పొరపాటు. హెచ్3 రాకపోతే నేను అన్నిటికంటే ముందు చూసేది ఇదే.

క్లౌడ్‌ఫ్లేర్‌లాంటి సీడీఎన్ (మీ సైట్‌కీ చూసేవాళ్లకీ మధ్య నిలబడి పేజీలు అందించే సర్వర్ల వల) వెనక ఉంటే: హెచ్3 అక్కడి డ్యాష్‌బోర్డ్‌లో ఒక స్విచ్. కానీ అప్పుడు గుర్తు చూపేది బ్రౌజర్‌కీ సీడీఎన్‌కీ మధ్య సంగతి. సీడీఎన్ మీ సర్వర్‌తో ఇంకా 1.1లోనే మాట్లాడుతూ ఉండొచ్చు. గుర్తు హెచ్3 చూపిస్తోంది కదా అని మీ సర్వర్ సెటప్ బాగుందని అనుకోవద్దు.

## 8. ఫోన్‌లో చూడాలంటే

ఆండ్రాయిడ్ ఫోన్‌లోని క్రోమ్ ఎక్స్‌టెన్షన్లని తీసుకోదు. ఫైర్‌ఫాక్స్ తీసుకుంటుంది, కాబట్టి అందులో ఇండికేటర్ దొరికితే పెట్టుకోవచ్చు. క్రోమ్‌లోనే చూడాలంటే ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, కంప్యూటర్ క్రోమ్‌లోని ఇన్‌స్పెక్ట్ పేజీ తెరవండి. ఫోన్‌లోని ట్యాబ్‌కి అయిదో మెట్టులో చూసిన నెట్‌వర్క్ పట్టికే వస్తుంది. మొబైల్ డేటా మీద ఒకసారి, వైఫై మీద ఒకసారి చూడండి.

## 9. హోస్టింగ్ వాళ్లకి ఫోన్ చేసే ముందు

ఇవి రాసుకుని ఉంటే వాళ్లకీ మీకూ పని సగం అయిపోతుంది:

- ☐ చూసిన పూర్తి చిరునామా, తేదీ, టైము
- ☐ బ్రౌజర్ పేరు, వెర్షన్
- ☐ మూడు లోడ్లలో వచ్చిన మూడు ఫలితాలు
- ☐ ఇంకో నెట్‌వర్క్ మీద వచ్చిన ఫలితం
- ☐ ప్రోటోకాల్ కాలమ్ కనిపించే నెట్‌వర్క్ ట్యాబ్ స్క్రీన్‌షాట్, ఎక్స్‌టెన్షన్ గుర్తు ఫొటో కాదు
- ☐ జవాబు హెడర్లలో ఆల్ట్-ఎస్‌వీసీ ఉందా లేదా
- ☐ 1.1లో వస్తున్న ఫైళ్లు ఏ హోస్ట్ నుంచి వస్తున్నాయి. అది మీది కాకుండా ఏ విడ్జెట్‌దో, యాడ్ కంపెనీదో అయితే వాళ్లకి ఫోన్ చేయక్కర్లేదు, ఆ విడ్జెట్ మీకు నిజంగా కావాలో లేదో చూసుకోండి.